ఒకటి, రెండు, నాలుగు

పిల్లలకు చెక్క దిమ్మెలు కొనేటప్పుడు కోడుమూరు వాళ్లయినా కర్నూలు వాళ్లయినా ముందు రంగులు చూస్తారు, ఆ తర్వాత పెట్టెలో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెడతారు. నేనైతే ముందు స్కేలు పెట్టి కొలవమంటాను. ఈ ఆటవస్తువు ప్రాణం కొలతలో ఉంది.

ఆ కొలత ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పెట్టింది. పసిపిల్లల బడి తెరవకముందు ఆయన బెర్లిన్‌లో క్రిస్టియన్ వైస్ అనే ఖనిజ శాస్త్రవేత్త దగ్గర స్ఫటికాల మధ్య పనిచేశాడు. చిన్న రూపాలు క్రమంగా పేరుకుని పెద్ద రూపం కావడం అనే ఆలోచన ఆయన్ను వదల్లేదు. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో పిల్లల కోసం సంస్థ పెట్టి, ఆ ఆలోచననే చెక్కలోకి దించాడు. రెండంగుళాల ఘనాన్ని ఒక పెట్టెలో ఎనిమిది చిన్న ఘనాలుగా, ఇంకో పెట్టెలో ఎనిమిది ఇటుకలుగా కోయించాడు. ఒక్కో ఇటుక మందం అర అంగుళం, వెడల్పు అంగుళం, పొడవు రెండంగుళాలు. అంటే ఒకటి, రెండు, నాలుగు పాళ్లు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆయన తరహా బడులను నిషేధించింది. మరుసటి ఏడు ఆయన పోయాడు. పెట్టెలు మాత్రం సముద్రాలు దాటాయి.

అయితే అవి చిన్నవి. బల్ల ముందు కూర్చుని, టీచరు చెప్పిన వరుసలో పేర్చాలి. ఈ కట్టుబాటును తెంచింది వడ్రంగం నేర్చిన టీచరు కెరొలిన్ ప్రాట్. 1914లో న్యూయార్క్‌లో ఆమె తెరిచిన బడిలో పిల్లలు నేల మీద కూర్చుని తమకు తోచింది కట్టుకున్నారు. పాళ్లు అవే, పరిమాణం పెద్దది: పొడవు ఐదున్నర అంగుళాలు, వెడల్పు అందులో సగం, మందం ఆ వెడల్పులో సగం. గట్టి మేపుల్ చెక్క, రంగు లేదు. పేటెంటు కూడా ఆమె తీసుకోలేదు. అందుకే మన ఊరి ఆచారి కూడా నిశ్చింతగా చేసివ్వవచ్చు.

రెండేళ్ల పిల్లలు దిమ్మెల్ని మోసుకు తిరుగుతారు, అంతే. తర్వాత వరుసలు, గోపురాలు వస్తాయి. ఆపైన రెంటిని నిలబెట్టి మూడోదాన్ని అడ్డంగా వేస్తారు. ఆ వంతెన నిలవాలంటే రెండు కాళ్లూ సమంగా ఉండాలి. సగం, రెట్టింపు అనేవి ఎక్కాల కన్నా ముందే చేతికి తెలిసే చోటు ఇదే. కొలత తప్పిన దిమ్మెతో కట్టింది కూలిపోతే, తప్పు తనదనుకుంటుంది ఆ పసిది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

మన సీమలో కొలత చెడిపోవడానికి ఎండే చాలు. తేమ ఆరేకొద్దీ కర్ర కుంచించుకుపోతుంది, కానీ అన్ని వైపులా ఒకే తీరుగా కాదు. నారకు అడ్డంగా నూటికి ఐదారు పాళ్లు తగ్గవచ్చు, నార వెంబడి పొడవు మాత్రం దాదాపు కదలదు. ఐదు పాళ్లు తగ్గిందంటే, పక్కపక్కన పెట్టిన రెండు దిమ్మెల వెడల్పు ఒకదాని పొడవుకు పావు అంగుళం పైగా తక్కువ పడుతుంది. కాబట్టి పచ్చి చెక్క వద్దు. వాకిళ్లు, కిటికీలు చేశాక మిగిలిన ఎండిన టేకు చేవ ముక్కలు దీనికి భేషైనవి. టేకు తక్కువగా కుంచించుకుపోయే కర్ర. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి తేలిక, మెత్తన, దిమ్మెల అంచులు నొక్కుకుపోతాయి. ఏటికొప్పాక వాళ్లు వాడే అంకుడు కర్ర నున్నగా వస్తుంది, వాళ్లు లక్కలో కలిపే రంగులు చెట్ల నుంచి తీసినవి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పని అది.

అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దించాలి. రంగు లేకపోయినా లోటు లేదు. మూడేళ్లలోపు పిల్లలుంటే 31.7 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల గొట్టంలో పూర్తిగా పట్టే చిన్న ముక్క ఏదీ ఉండకూడదని బొమ్మల ప్రమాణాలు చెబుతాయి, గొంతుకు అడ్డం పడుతుందని. అంగడిలో కొంటే 2021 నుంచి తప్పనిసరైన ఐఎస్ఐ గుర్తు చూడండి.

ఇక పరీక్ష. నాలుగు దిమ్మెల్ని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పక్కన ఒకదాన్ని నిలబెడితే పైభాగాలు సమంగా రావాలి. రెంటిని పక్కపక్కన చేరిస్తే ఒకదాని పొడవుకు సరిపోవాలి. మే నెల దాటాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. తేడా వస్తే పొడవు కాస్త కోయించండి, చాలావరకు సర్దుకుంటుంది.