బట్టల మిల్లులో పుట్టిన గడ్డి యంత్రం

కామాఠీపుర గల్లీల్లోంచి పడమటికి కాస్త నడిస్తే తాడదేవ్ వస్తుంది. కవాస్‌జీ దావర్ 1854లో తలపెట్టిన బొంబాయి మొదటి నూలు మిల్లు అక్కడే 1856లో పని మొదలుపెట్టింది. ఇంకొంచెం ముందుకు పోతే మహాలక్ష్మి రేసుకోర్సు, విశాలమైన పచ్చిక. ఒకటి దుమ్ము, చెమట, సాంచాల (మరమగ్గాల) చప్పుడు. రెండోది గుర్రాలు, గ్యాలరీలు. ఈ రెంటికీ పొత్తు ఏముంటుందనిపిస్తుంది. కానీ గడ్డి కోసే యంత్రం పుట్టింది బట్టల మిల్లులోనే.

పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి తెలుగు నేల వదిలి కూలికి వచ్చిన కామాఠీలు ఈ నగరానికి రోడ్లు వేశారు, గోడలు లేపారు. వాళ్ల పేరే ఆ పేటకు నిలిచింది. మిల్లులు పెరిగాక తెలంగాణ పద్మశాలీలు చేతిమగ్గం వదిలి వచ్చి వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో సర్దుకున్నారు. 1920లలో కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. అందులోనే వంట, పడక, పిల్లల చదువు. ఇంటి ముందు కోసుకోవలసిన గడ్డి ఎవరికీ లేదు. అయినా గడ్డి యంత్రం కీలకమంతా ఏ భాగంలో ఉందో, ఆ భాగం మిల్లు పనివాళ్లకు కొత్తది కాదు. గుడ్డకు చివరి మెరుగు పెట్టే విభాగంలో అది ఉండేది.

సాంచా మీది నుంచి దిగిన గుడ్డ మీద తెగిన పోగుల కొసలు, నూగు లేచి ఉంటాయి. వాటిని గొరగడానికి ఒక కత్తిరింపు యంత్రం ఉంటుంది. ఇరుసు చుట్టూ మెలి తిరిగిన బ్లేడ్లతో ఒక సిలిండరు, దాని కింద కదలకుండా బిగించిన మరో బ్లేడు. గుడ్డ వాటి పక్కగా సాగుతుంటే లేచిన పోగు రెండు అంచుల మధ్య ఇరుక్కుని తెగిపోతుంది. బ్లేడ్లు తిన్నగా కాక మెలికగా ఎందుకు? తిన్నగా ఉంటే గుడ్డ వెడల్పంతటా ఒకేసారి దెబ్బ పడి యంత్రం అదురుతుంది. మెలిక వల్ల కోత ఒక చివర మొదలై రెండో చివరకు పాకుతూ పోతుంది, బరువు ఎప్పుడూ సమంగా ఉంటుంది. ఇక రెండు బ్లేడ్ల మధ్య సందు వెంట్రుకవాసి పెరిగితే పోగు మడత పడుతుంది, తెగదు. తగ్గితే అంచు అంచును తింటుంది. ఆ సందు సరిచేయడంలోనే ఫిట్టరు పనితనమంతా ఉంది.

ఈ యంత్రం మొదట్లో ఉన్ని గుడ్డకోసం వచ్చింది. ఇంగ్లండులో అంతకు ముందు మనుషులే పెద్ద పెద్ద కత్తెరలతో ఉన్ని నూగు గొరిగేవారు. ఆ పని యంత్రానికి పోతోందని 1812లో యార్క్‌షైర్ పనివాళ్లు కత్తిరింపు యంత్రాలను పగలగొట్టారు. బొంబాయి మిల్లుల 1982 సమ్మె చూసిన చాళ్లవాళ్లకు ఆ కోపం వెనక ఉన్న ఆకలి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 1815లో గ్లాస్టర్‌షైర్‌లోని బ్రిమ్స్‌కోంబ్ మిల్లుకు చెందిన జాన్ లూయిస్, తిరిగే బ్లేడ్లున్న కత్తిరింపు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ చుట్టుపక్కల మిల్లుల యంత్రాలు బాగుచేసే ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ దాన్ని చూసి, గుడ్డ మీది నూగును గొరిగేది నేల మీది గడ్డిని ఎందుకు గొరగదని ఆలోచించాడు. 1830లో పేటెంటు వచ్చింది. కోత వెడల్పు 19 అంగుళాలు. వెనకున్న బరువైన రోలరు తిరిగితే పళ్లచక్రాల ద్వారా సిలిండరు తిరుగుతుంది. ఎవరి కంటా పడకుండా రాత్రిపూట పరీక్షించేవాడని చెబుతారు. మొదట కొన్నవాళ్లలో లండన్ రీజెంట్స్ పార్కులోని జంతు ప్రదర్శనశాల తోట ఒకటి. స్క్రూ తిప్పితే నోరు పెద్దదీ చిన్నదీ అయ్యే పానా ఒకటి కూడా బడ్డింగ్ చేశాడు. బిగించడం, సడలించడం మీద అంత ధ్యాస ఉన్న మనిషి చేతిలోనే ఈ యంత్రం పుట్టడం న్యాయంగా అనిపిస్తుంది.

తర్వాతి కథలో మారుతూ వచ్చింది లాగే శక్తి. 1840లలో స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ షాంక్స్ గుర్రం లాగే యంత్రం చేశాడు. గిట్టలు పచ్చికను గుంటలు చేయకుండా గుర్రానికి తోలు బూట్లు తొడిగేవారు. మన దేశంలో ఆ పని ఎద్దులు చేశాయి. 1890లలో ఆవిరి యంత్రం పెట్టి చూశారు కానీ బరువు మరీ ఎక్కువైంది. 1902లో రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఇంజన్ బలం పెరిగేకొద్దీ వెనక నడిచే మనిషి యంత్రం మీదికెక్కి కూర్చున్నాడు.

ఇరవయ్యో శతాబ్దం నడుమ రెండో జాతి బలపడింది. అడ్డంగా గిరగిర తిరిగే రోటరీ బ్లేడు. దీనికి కింద రెండో అంచు లేదు, వేగమే ఆధారం. నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరిగే బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటవచ్చు. గడ్డిపోచ వంగేలోపే తెగిపోతుంది. బ్లేడు మొద్దుబారితే తెగదు, చీలుతుంది. ఒకటి రెండు రోజుల్లో మైదానమంతా గోధుమరంగు కొసలు కనిపిస్తాయి. క్రికెట్ పిచ్ మీది సన్నని కోతకు ఇప్పటికీ సిలిండరే మేలు. పొడవు గడ్డికి, ఎత్తుపల్లాల నేలకు రోటరీ.

ఎక్కి నడిపే రోటరీ యంత్రం మైదానానికి కొత్తగా వచ్చిన రోజున అందరి కళ్లూ సీటు మీద, స్టీరింగు మీద ఉంటాయి. చూడాల్సింది కింద. బ్లేడ్లను కప్పి ఉంచే ఇనుప డెక్కు సమంగా ఉందా? ముందుగా నాలుగు టైర్ల గాలి పుస్తకంలో చెప్పినంత ఉందో లేదో చూడాలి. ఒక పక్క గాలి తక్కువైతే డెక్కు అటు వాలుతుంది, అప్పుడు ఏ బోల్టు తిప్పినా వృథా. తర్వాత చదునైన సిమెంటు నేల మీద నిలిపి, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, స్పార్క్ ప్లగ్గు తీగ ఊడదీసి, మందపాటి చేతి తొడుగులు వేసుకుని బ్లేడును అడ్డంగా తిప్పాలి. ఎడమ కొస నేలకు ఎంత ఎత్తు, కుడి కొస ఎంత? తేడా సుమారు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. మించితే కోసిన పచ్చికలో మెట్లు పడతాయి. తర్వాత బ్లేడును నిలువుగా తిప్పి ముందు, వెనక కొసలు కొలవాలి. చాలా యంత్రాల్లో ముందు కొస మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ముందు కోసిన గడ్డినే వెనక అంచు మళ్లీ కొట్టకుండా ఆ వాలు కాపాడుతుంది, ఇంజన్ మీద భారం తగ్గుతుంది. సిలిండరు యంత్రమైతే పరీక్ష వేరు. సన్నని కాగితం ముక్క అంచుల మధ్య పెట్టి సిలిండరును చేత్తో నెమ్మదిగా తిప్పాలి. ఈ చివర నుంచి ఆ చివర దాకా కాగితం శుభ్రంగా తెగితే సందు కుదిరినట్టు.

నడపడం అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. స్టీరింగు లేని జీరో టర్న్ రకంలో రెండు లీవర్లు, ఒక్కో వెనక చక్రానికి ఒకటి. కుడిది ముందుకు, ఎడమది వెనక్కి నెడితే యంత్రం ఉన్నచోటే తిరుగుతుంది. కొత్తవాళ్లు గట్టిగా నెట్టి, కంగారుపడి వెనక్కి లాగి గడ్డిని వేర్లతో లేపేస్తారు. బ్లేడ్లు ఆపేసి ఖాళీ నేల మీద నెమ్మదిగా తిప్పుతూ చేతికి పట్టు రానివ్వాలి. తడి వాలు మీద ఈ రకం జారుతుంది, ముందు చక్రాలకు బ్రేకు ఉండదు.

నా మాట ఒకటి. మిల్లులో సాంచా నడిపేవాడు ఒకడు, దాన్ని సరిచేసేది జాబరో (మేస్త్రీ) ఫిట్టరో. సరిచేసే హక్కు చేతిలో లేనివాడు ఖరాబు గుడ్డకు మాత్రం కూలిలో కోత భరించాడు. మైదానాల్లో ఆ పద్ధతి రాకూడదు. యంత్రం మీద కూర్చునే మాలి చేతికే పానా, కొలబద్ద ఇవ్వాలి. డెక్కు కొలవడం అతనికి అతని భాషలో, తెలుగైతే తెలుగులో, కొన్నరోజే నేర్పించాలి. సీటు కింది నుంచి వచ్చే అదురు మారిందని ముందు తెలిసేది అతనికే. ఇంజన్ మొదటి ఆయిలు మార్పు చాలావాటికి 5 నుంచి 8 గంటల్లోనే వస్తుంది, కొత్త బెల్టు కూడా ఆ గంటల్లోనే సాగుతుంది. ఆ లెక్క రాసి పెట్టుకోవలసింది కూడా అతనే.

ముంబై వానల్లో గరిక వారం తిరక్కుండా పెరుగుతుంది. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు గనుక డెక్కు ఎత్తి పెట్టాలి, ఎక్కువసార్లు కోయాలి. తడి గడ్డి డెక్కు కింద ముద్దలా అంటుకుని గాలిని ఆపేస్తుంది, గడ్డి నిటారుగా లేవదు. పని ముగిశాక ఇంజన్ ఆపి ఆ ముద్ద గీకేయాలి. అక్టోబరులో నేల గట్టిపడ్డాక మళ్లీ సిమెంటు నేల మీదికి తెచ్చి నాలుగు కొసలూ కొలిచి, ఎత్తు దించుకోవచ్చు.