షోకుకూ ఒక లెక్క ఉంది

పాత బుల్లెట్ మలుపు తిరగకముందే వీధికి తెలిసిపోతుంది. కర్నూలైనా కడపైనా ఆ గుడుగుడు వినగానే తలలు అటు తిరుగుతాయి. ఆ శబ్దం కోసమే బండి కొనేవాళ్ళున్నారు. కొన్నాక, షోకు పేరుతో ఆ శబ్దాన్నే పోగొట్టుకునేవాళ్ళూ ఉన్నారు.

ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1932లో ఇంగ్లండులో పుట్టింది. సరిహద్దు గస్తీకి మన సైన్యం దాన్ని ఎంచుకుంది. దాన్ని ఇక్కడే తయారుచేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. 1970 నాటికి పుట్టింట్లో ఎన్‌ఫీల్డ్ తయారీ ఆగిపోయినా మెట్టినింట్లో ఆగలేదు. 1977 నుంచి మద్రాసు బుల్లెట్లే ఇంగ్లండుకు ఎగుమతయ్యాయి. పోత ఇనుప సిలిండరున్న ఆ ఇంజను దాదాపు యాభై ఏళ్ళు పెద్దగా మారలేదు. అందుకే దాని ప్రతి నట్టూ మెకానిక్కులకు కంఠతా వచ్చింది. ఇంజను వేరు, గేర్‌బాక్సు వేరు. నాలుగు పానాలుంటే చాలు, బండినంతా విప్పి నాపరాతి మీద పరిచేస్తారు. చేత్తో విప్పగలిగిన బండినే చేత్తో మార్చాలనిపిస్తుంది.

ఇక ఆ శబ్దం సంగతి. 346 సీసీల ఆ ఇంజనులో సిలిండరు ఒక్కటే. దాని వెడల్పు 70 మిల్లీమీటర్లు, అందులో పిస్టన్ నడిచే దూరం 90. రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండుతుంది. బరువైన ఫ్లైవీలు ఉండటం వల్ల ఇంజను నెమ్మదిగా తిరిగినా ఆగిపోదు. నిమిషానికి 800 చుట్లు తిరిగితే 400 దెబ్బలు, అంటే సెకనుకు ఆరేడు. అంత నిదానం కాబట్టే చెవి ఒక్కో దెబ్బనూ విడిగా వింటుంది. సైలెన్సర్ లోపలి గదులు పొగ విసురును తగ్గించి, కీచుదనాన్ని మింగి, లోతైన మోతను మిగులుస్తాయి. సైలెన్సర్ పీకేస్తే మిగిలేది పగిలిన అరుపు. కార్బురేటరు సరిచేయకపోతే ఇంజను మరింత వేడెక్కుతుంది కూడా. కడప మే నెల ఎండలో ఇంజను చుట్టూ ఉన్న రెక్కలకు గాలి తగలడమే దాని ప్రాణం. వాటిని తళతళలాడే రేకులతో కప్పడం షోకు కాదు, ఊపిరి బిగించడం.

శబ్దం తర్వాత బండి నడక. హ్యాండిల్ తిరిగే ఇరుసును ఒక గీతగా నేలదాకా పొడిగించండి. ముందు టైరు నేలను తాకే చోటు ఆ గీత కంటే కాస్త వెనక ఉంటుంది. ఈ ఎడాన్ని ట్రెయిల్ అంటారు. బండి తిన్నగా పోవడంలో దీని పాత్ర పెద్దది. అమెరికా చాపర్ బండ్లలా ముందు ఫోర్కును బాగా చాచి వాలిస్తే ఈ ఎడం పెరుగుతుంది. పొడవాటి తిన్నని దారుల్లో అది హాయి. కర్నూలు పాతబస్తీ సందులో మలుపు తిప్పాలంటే మాత్రం కాళ్ళు నేల మీద ఆనాల్సిందే. 1950లు, 60లలో ఇంగ్లండు కుర్రాళ్ళు కెఫే నుంచి కెఫేకు దూసుకుపోవడానికి హ్యాండిల్ కిందికి దించారు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా అలా వంగి నడిపితే మణికట్లు ఊరుకోవు.

మడ్‌గార్డు కోసేస్తే నంద్యాల నల్లరేగడి బురదంతా వీపు మీదే. టైరుకు అంటుకున్నట్టు బిగిస్తే అదే రేగడి ఇరుక్కుని చక్రం తిరగదు. మధ్యలో ఎంత ఖాళీ ఉండాలో మన నేలే చెబుతుంది. చట్టానికీ ఒక మాట ఉంది. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తప్పని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అయితే షోకు వద్దా? కావాలి. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్ పెట్రోలు ట్యాంకు మీద చేత్తో లాగిన బంగారు గీతను చూడండి. ఏ పనికీ అడ్డం రాదు, కానీ అది లేని ట్యాంకు బోసిపోతుంది. రంగూ, సీటు కుట్టూ, ఆ గీతా మన ఇష్టం. ఫోర్కు వాలూ, రెక్కల గాలీ, పొగ దారీ బండి ఇష్టం.

కర్నూలు నుంచి కడపకు పోయే ఆ దారిలోని ఆళ్ళగడ్డ శిల్పులకు పేరు. రాతిని మోతను బట్టి కూడా ఎంచమంటుంది శిల్పశాస్త్రం. పానా పట్టేవాడూ ముందు ఇంజను స్టార్టు చేసి, కాసేపు దాని మోత వినాలి. ఏది ముట్టుకోకూడదో అదే చెబుతుంది.