వార్తల్లో పదం: పీఎఫ్‌ఓ

నలభై ఏళ్ల మనిషికి పక్షవాతం వచ్చింది. బీపీ లేదు, షుగర్ లేదు, మెడ రక్తనాళాలు బాగానే ఉన్నాయి. మరి మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డ ఎక్కణ్నుంచి వచ్చినట్టు? అప్పుడు వెతికేవాటిలో పీఎఫ్‌ఓ ఒకటి. పూర్తి పేరు పేటెంట్ ఫొరామెన్ ఒవేల్.

తల్లి కడుపులో బిడ్డ ఊపిరితిత్తులతో శ్వాసించదు. అందుకే గుండె పైగదుల మధ్య రక్తానికి అడ్డదారి ఉంటుంది. పుట్టాక అది మూసుకోవాలి. సుమారు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. వారిలో చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు, కాబట్టి బెంబేలెత్తకండి. అయితే కాలి సిరలో కట్టిన గడ్డ, గట్టిగా దగ్గినప్పుడో ముక్కినప్పుడో, ఆ దారిన ఎడమవైపు దాటి మెదడుకు చేరవచ్చు.

దీన్ని పట్టుకునే పరీక్ష ముచ్చటగా ఉంటుంది. సెలైన్‌ను గాలి చుక్కతో గిలకొట్టి చేతి సిరలోకి ఎక్కిస్తారు. ఎకో తెరపై తెల్లటి బుడగలు కుడి గదిని నింపుతాయి. మూడు గుండె చప్పుళ్లలోపే ఎడమ గదిలోనూ మెరిస్తే, దారి తెరిచి ఉన్నట్టే.

కారణం ఏదైనా, పక్షవాతం వచ్చినప్పుడు సమయమే కీలకం. తిరువూరు లాంటి ఊరి నుంచి పెద్దాసుపత్రి కోసం విజయవాడకో ఖమ్మానికో వెళ్లాలంటే ప్రయాణానికే గంటకు పైగా పోతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే. మూతి వంకరపోతే, మాట తడబడితే, చెయ్యి పడిపోతే పసరు వైద్యానికి పోకుండా 108కు ఫోన్ చేయండి, వయసు ఎంతైనా సరే.

వేరే కారణం దొరకని 60 ఏళ్లలోపు రోగుల్లో కొందరికి గుండెలోని ఈ అడ్డదారిని మూస్తే మళ్లీ పక్షవాతం వచ్చే ముప్పు తగ్గుతుందని 2017లో వచ్చిన అధ్యయనాలు తేల్చాయి. ఛాతీ కోయరు, తొడ సిరగుండా పరికరం పంపి మూస్తారు. ఆ తర్వాతా గడ్డకట్టనివ్వని మాత్రలు వాడాలి.