వికలాంగ బాలల విద్య - మన బాధ్యత

దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా 'అబస' అవతరణకు కారణమైన సంఘటన ముస్లింలకు సుపరిచితమే. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్న సమయంలో అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి, తనకు ధర్మం బోధించవలసిందిగా కోరారు. ఆ నాయకులు సత్యాన్ని స్వీకరిస్తారేమోనన్న ఆశతో ఉన్న ప్రవక్త (స)కు ఈ అంతరాయం రుచించలేదు. లక్ష్యపెట్టని సంపన్నుని కంటే, దైవభీతితో నేర్చుకోవాలని పరుగున వచ్చినవాడే శ్రద్ధకు అర్హుడని ఆ సందర్భంలో అవతరించిన ఆయతులు బోధించాయి. పేదల పట్ల మర్యాదకు ఈ ఆయతులను ఉదాహరించటం పరిపాటి. అయితే ఆ వచ్చిన వ్యక్తి విద్యార్థి అన్న సంగతి కూడా గమనించదగినది. ఆయన దానం అడగలేదు, పాఠం అడిగారు.

తర్వాత మదీనాలో జరిగినది ఇంకా ముఖ్యమైనది. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) హజ్రత్ బిలాల్ (రజి)తోపాటు ముఅజ్జిన్‌గా నియమితులయ్యారు. బిలాల్ (రజి) రాత్రి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. ఉపవాసం పాటించేవారు సహరీ ముగించవలసినది ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినబడినప్పుడు. తెల్లవారటం గుర్తించాలంటే చూపు కావాలి. ఆయనకు చూపు లేదు. తెల్లవారిందని ప్రజలు చెప్పిన తర్వాతనే ఆయన అజాన్ ఇచ్చేవారని సహీహ్ బుఖారీలో ఉన్నది. చూపు లేదన్న కారణంతో ఆ పదవి మరొకరికి పోలేదు. కొరవడిన ఆ ఒక్క సహాయాన్ని చుట్టూ ఉన్నవారు అందించారు. మరోవైపు, యుద్ధానికి వెళ్ళలేని అశక్తులకు 'అన్నిసా' సూరా 95వ ఆయతు మినహాయింపునిచ్చింది. శక్తికి మించిన భారం నుండి మినహాయింపు, శక్తిలో ఉన్న పనికి సహాయం - ఇదే ఇస్లాం చూపిన మార్గం.

నేటి విద్యావేత్తలు 'సమ్మిళిత విద్య' అనే దాని సారాంశం కూడా ఇదే. వికలాంగ బాలలకు వేరే బడి పెట్టటం ఒక పద్ధతి. మామూలు బడిలో చేర్చుకొని, అక్కడి పద్ధతులకు ఆ బిడ్డే సర్దుకోవాలనటం రెండవది. బిడ్డకు అనుగుణంగా బడి తన గదిని, బోధనను, పరీక్షను మార్చుకోవటం మూడవది. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో సమావేశమైన 92 ప్రభుత్వాల ప్రతినిధులు ఈ మూడవ మార్గాన్ని సమర్థించారు.

ముస్లింల విద్యాచరిత్రలో అంధులకు గౌరవనీయమైన స్థానం ఉండేది. 14వ శతాబ్ది తొలినాళ్ళలో మరణించిన బగ్దాద్ పండితుడు జైనుద్దీన్ ఆమిదీ అంధుడు. ఆయన పుస్తకాల వ్యాపారం కూడా చేసేవారు. సన్నగా మెలిపెట్టిన కాగితాన్ని అక్షరాల ఆకారంలో వంచి పుస్తకానికి అంటించి, దాని ధరను వేలితో తడిమి తెలుసుకునేవారు. అంధ ప్రముఖుల చరిత్రలను గ్రంథస్తం చేసిన సఫదీ ఈ విషయాన్ని నమోదు చేశారు. లూయీ బ్రెయిలీ తన చుక్కల లిపిని ప్రచురించినది 1829లో. ఈజిప్టుకు చెందిన తాహా హుసేన్ బాల్యంలోనే చూపు కోల్పోయారు. పల్లెలోని మక్తబ్‌లో ఖుర్ఆన్ కంఠస్థం చేసి, అజ్హర్‌లో చదివి, 1914లో ఈజిప్షియన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. 1950లో విద్యామంత్రి అయ్యారు. ఆయన అభిప్రాయాలతో పలువురు పండితులు తీవ్రంగా విభేదించారు. ఇక్కడ ప్రస్తావన ఆయన చదువుకు మాత్రమే పరిమితం.

అయితే ఈ ఉదాహరణలు చూసి తృప్తి పడటం సరికాదు. మన సంప్రదాయ బోధన చెవి ద్వారా సాగేది. గురువు చదువుతాడు, శిష్యుడు విని అప్పగిస్తాడు. అందువల్ల అంధునికి అందులో సహజంగానే చోటు దొరికింది. వినబడని బిడ్డకు, అర్థం చేసుకోవటంలో వెనుకబడిన బిడ్డకు అంత తేలికగా దొరకలేదు. అంధ బాలునికి సైతం హిఫ్జ్‌తో చదువు ముగిసిందనుకుంటే, తర్వాత అతని జీవనోపాధి మాటేమిటి?

భారతదేశంలో చట్టం కొంత దారి చూపింది. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి 2012లో జరిగిన సవరణ వికలాంగ బాలలను ప్రత్యేక రక్షణ పొందే బలహీన వర్గాలలో చేర్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్న 6 నుండి 18 ఏళ్ళ బాలలకు ఇంటి దగ్గరి బడిలోగాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య పొందే హక్కు ఉన్నది. పరీక్షలలో లేఖకుని సహాయం, అదనపు సమయం, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు వంటి వెసులుబాట్లను కూడా ఆ చట్టం పేర్కొన్నది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఎదురయ్యే కుటుంబంలో వినికిడి లోపం గల బిడ్డకు ఈ చివరి వెసులుబాటు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. హక్కు ఉన్న సంగతే తెలియని పేద తల్లిదండ్రులకు మాత్రం అది కాగితానికే పరిమితం.

2012 సవరణలోనే మరొక అంశమున్నది. మదర్సాలు, వేదపాఠశాలలు, ప్రధానంగా మతవిద్య నేర్పే సంస్థలు విద్యాహక్కు చట్టం పరిధిలోకి రావు. అంటే మక్తబ్ వాకిట నిలిచిన వికలాంగ బాలుని చేర్చుకోమని ఆ చట్టం ఒత్తిడి చేయదు. అక్కడ ప్రశ్నించవలసినది నిర్వాహకుల విశ్వాసమే.

చేయవలసిన పనులలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. వినికిడి తక్కువైన బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టి, గురువు తన ముఖం, పెదవులు కనిపించేలా వెలుతురులో నిలబడి మాట్లాడాలి. అసలే వినబడని బిడ్డకు ఇది చాలదు. సంజ్ఞా భాష తెలిసినవారు కావాలి. చూపులేని బిడ్డ కోసం బోర్డుపై రాసినది బిగ్గరగా చదవాలి. అరబీకి కూడా బ్రెయిలీ ఉన్నది. మామూలు అరబీకి భిన్నంగా దానిని ఎడమ నుండి కుడికి చదువుతారు. నిదానంగా నేర్చుకునే బిడ్డకు పాఠాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి, వాటిని మళ్ళీ మళ్ళీ చెప్పాలి. చక్రాల కుర్చీ కోసం గుమ్మం మెట్ల పక్కన ఏటవాలు దారి వేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని భవిత కేంద్రాలు ఇటువంటి బాలల కోసమే ఏర్పాటైనవి. జుమా నాడు మస్జిదులో ఈ సమాచారం ప్రకటించినా, ఇంట్లోనే ఉండిపోయిన బిడ్డ ఎవరో ఒకరు వెలుగులోకి వస్తారు.

ఆ బిడ్డకు జకాత్ నుండి నాలుగు రూపాయలు ఇచ్చి పంపటం సులభం. అతనికి తరగతిలో చోటిచ్చి, రోజూ పాఠం చెప్పటం కష్టం. మదీనా ప్రజలు చేసినది రెండవది. చూపులేని ముఅజ్జిన్‌కు తెల్లవారిందని వారు ప్రతి ఉదయం గుర్తుపెట్టుకొని చెప్పారు. ఆ సున్నత్‌ను మన బడులలో పునరుద్ధరించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!