పిల్లి పడనివారికి పెద్దయితే పడుతుందా?



గడచిన శీతాకాలంలో మా తెలుగు తరగతిలో జంతువుల పేర్లు నేర్పుతుండగా ఒక చిన్నవాడు చేయెత్తి ఇలా అడిగాడు: “మాస్టారూ, నాకు పిల్లి పడదు. పదేళ్ళు నిండితే ఆ బాధ పోతుందని మా నానమ్మ చెప్పింది. అప్పుడు పిల్లిని తెచ్చుకోవచ్చట. నిజమేనా?” వాడికి పదేళ్ళు నిండడానికి ఇంకా మూడు నెలలే ఉన్నది. వెంటనే జవాబు చెప్పలేక, తెలుసుకొని చెబుతామన్నాము. ఆ జవాబు మన ఇళ్ళలో చాలామందికి పనికివస్తుందని తలచి ఇక్కడ వ్రాస్తున్నాము.

వంకాయ పడదు, దుమ్ము పడదు, పిల్లి పడదు అని మనం అంటాము. దీనినే వైద్యులు అలర్జీ అంటారు. ఈ పేరును 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టాడు. మన దేహంలో రోగక్రిములతో పోరాడే రక్షణశక్తి ఉన్నది. కొందరిలో అది హాని చేయని వస్తువును కూడా శత్రువని పొరబడి, ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారు చేస్తుంది. ఆ వస్తువు మళ్ళీ తగిలినప్పుడు హిస్టమిన్ మొదలైన రసాయనాలు విడుదలవుతాయి. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద, కొందరికి ఉబ్బసం వస్తాయి.

దీనికి పిల్లి బొచ్చే కారణమని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. అసలు కారణం పిల్లి లాలాజలంలోనూ, చర్మంలోని నూనె గ్రంథులలోనూ పుట్టే ఒక మాంసకృత్తు. దానికి ఫెల్ డి 1 అని పేరు. పిల్లి ఒళ్ళు నాకుకున్నప్పుడు అది వెంట్రుకలకు అంటుకొని, ఎండి, కంటికి కనబడని నలుసులై గాలిలో తేలుతుంది. మనుషుల బట్టలకు అంటుకొని పిల్లి లేని ఇళ్ళకూ, బడికీ చేరుతుంది. కుక్కల విషయంలోనూ లాలాజలం, చర్మపు పొట్టు ముఖ్య కారణాలు. కొన్ని జాతుల కుక్కలు అలర్జీ కలిగించవని చెప్పి అమ్ముతుంటారు. కాని 2011లో డెట్రాయిట్ లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు ఇళ్ళలోని దుమ్మును పరీక్షించగా, ఆ జాతుల ఇళ్ళకూ తక్కిన ఇళ్ళకూ తేడా కనబడలేదు.

మన పూర్వీకులు కోరంగి రేవులో ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వచ్చినవారు. అక్కడ మన కుక్క వాకిట్లో ఉండేది, పిల్లి వంటింటి చూరు క్రింద తిరిగేది. తలుపులూ కిటికీలూ ఎప్పుడూ తెరిచే ఉండేవి. కెనడాలో అలా కాదు. ఇక్కడ చలికాలంలో నెలల తరబడి కిటికీలు మూసి, తివాచీ పరచిన గదులలో పిల్లితో కలిసి ఉంటాము. అదే గాలి ఇంటిలో తిరుగుతూ ఉంటుంది. అక్కడ తెలియని బాధ ఇక్కడ బయటపడితే ఆశ్చర్యపడవలసినది లేదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ఇది వయసుతో పోతుందా? పాలు, గుడ్లు పడని పసిపిల్లలలో ఎక్కువమందికి పెరిగేకొద్దీ అవి పడతాయి. పెద్దలు “పెద్దయితే పోతుంది” అనడానికి ఈ అనుభవమే ఆధారం కావచ్చు. కాని పిల్లి, కుక్క సంగతి వేరు. ఈ అలర్జీ సాధారణంగా బాల్యంలో మొదలై, యౌవనంలో బలపడి, చాలామందిలో పెద్దయ్యాక కూడా నిలిచే ఉంటుంది. కొందరిలో తగ్గడం నిజమే. వృద్ధాప్యంలో కొందరికి తీవ్రత తగ్గుతుంది. అయితే ఎవరికి తగ్గుతుందో ముందుగా చెప్పడానికి వీలులేదు.

తగ్గినట్లు కనబడడం వేరు, పోవడం వేరు. రోజూ పిల్లితో ఉన్నవారిలో కొందరికి దేహం కొంత అలవాటు పడుతుంది. అటువంటివారు చదువు కోసం వేరే ఊరికి వెళ్ళి, కొన్ని నెలల తరువాత సెలవులకు ఇంటికి వస్తే తుమ్ములు తిరిగి మొదలు కావచ్చు. కొందరిలో తుమ్ములు తగ్గినా ఊపిరితిత్తులలో వాపు లోలోపల సాగుతూ ఉంటుంది.

దీనిని మేము మా ఇంటిలోనే నేర్చుకున్నాము. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు తుమ్ములు మొదలైనవి. బంధువులందరూ “పెద్దయితే పోతుంది” అన్నారు. పిల్ల ఆ పిల్లిని పక్కలో పెట్టుకొని పడుకునేది. విడదీయడానికి మాకు మనసు రాలేదు. నాలుగేళ్ళు అలాగే గడిపాము. ఒక జనవరి రాత్రి దానికి ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తాము. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని పిల్లలకు బోధించే మేము ఆ రాత్రి మా పిల్ల ప్రాణసంకటాన్ని చూశాము. పిల్లిని మా తమ్ముని ఇంటికి పంపాము. అయినా మరునాడే గుణం కనబడలేదు. ఇంటిలో మిగిలిన ఆ మాంసకృత్తు బాగా తగ్గడానికి ఐదారు నెలలు పట్టవచ్చునని వైద్యులు చెప్పారు. అమ్మాయికి ఇప్పుడు ముప్పై ఏళ్ళు. నేటికీ పిల్లి ఉన్న ఇంటికి వెళ్ళేముందు మాత్ర వేసుకుంటుంది.

ఇది పిల్లల జబ్బే అనుకోరాదు. విమానాలలో పిల్లులతో ప్రయాణించవలసి వచ్చిన పెద్దల ఫిర్యాదులపై కెనడా రవాణా ఏజెన్సీ 2012లో తీర్పు చెప్పింది. పిల్లి అలర్జీ వలన వైకల్యం ఉన్న ప్రయాణికునికీ క్యాబిన్ లోని పిల్లికీ మధ్య కనీసం ఐదు వరుసల దూరం ఉంచవలెనని విమాన సంస్థలను ఆదేశించింది.

మరి పసితనం నుండే జాగ్రత్తపడితే? వాంకూవర్, విన్నిపెగ్ నగరాలలో 1994-95లో అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 545 మంది శిశువులతో ఒక పరిశోధన మొదలైంది. దానికి డాక్టర్ మొయిరా చాన్-యంగ్ నాయకత్వం వహించారు. ఒక జట్టు ఇళ్ళలో దుమ్ము పురుగులు, పెంపుడు జంతువులు, పొగాకు పొగ లేకుండా చూశారు, తల్లిపాలను ప్రోత్సహించారు. ఏడేళ్ళ వయసులో ఆ జట్టులో నూటికి సుమారు 15 మందికి ఉబ్బసం ఉండగా, రెండవ జట్టులో 23 మందికి ఉన్నది. అలర్జీ తత్త్వం మాత్రం రెండు జట్లలోనూ పెద్ద తేడా లేకుండా ఉన్నది.

ఇంకొక ప్రక్క, 2017లో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు 746 మంది శిశువులను పరిశీలించారు. పుట్టకముందు నుండి ఇంటిలో జంతువులున్న శిశువుల ప్రేగులలో, అలర్జీ తగ్గడంతో సంబంధమున్న రెండు రకాల సూక్ష్మజీవులు ఎక్కువగా కనబడ్డాయి. ఇది విని ఇప్పటికే పిల్లి పడని పిల్లవానికి పిల్లిని తెచ్చి అలవాటు చేయాలనుకోవద్దు. అది శిశువులలో నివారణ గురించిన పరిశోధన. వచ్చిన జబ్బుకు చికిత్స కాదు.

చేయవలసినది ఏమిటి? ముందు వైద్యుని వద్ద చర్మ పరీక్షతో పడనిది ఏదో నిశ్చయించుకోవాలి. పిల్లిని పంపలేనివారు పడక గదిలోకి రానీయకుండా, తివాచీలు తీసివేసి, హెపా వడపోత యంత్రం వాడితే కొంత మేలు. దేహాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేసే సూదిమందులు ఉన్నాయి. 1911లో లండన్ లో లియొనార్డ్ నూన్ పుప్పొడి విషయంలో ఈ పద్ధతిని వెల్లడించాడు. వీటిని వైద్యుని పర్యవేక్షణలో మూడు నుండి ఐదేళ్ళు తీసుకోవాలి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

ఆ చిన్నవానికి ఇలా చెప్పాము: “నాయనా, పుట్టినరోజు వచ్చిందని అలర్జీ పోదు. ముందు వైద్యునికి చూపించు. పిల్లిని తెచ్చుకొని, ప్రేమ పెంచుకొని, తరువాత పంపివేయడం నీకూ దానికీ కష్టమే.” వాడు చిన్నబుచ్చుకున్నాడు. కాని వాడి నానమ్మగారు మరునాడు మాకు ఫోను చేసి, పరీక్షకు తేదీ తీసుకున్నామన్నారు. పెద్దల మాట కొట్టివేయమని మేము అనము. ఈ ఒక్క విషయంలో మాత్రం, “పెద్దయితే పోతుంది” అనే ముందు పిల్లవాని ఊపిరి వినమని మనవి చేస్తున్నాము.