శిలువ యోధులు – చర్చి ఆస్తులు

క్రీ.శ. 1099లో శిలువ యోధులు బైతుల్ మఖ్దిస్‌ను ఆక్రమించారు. సుమారు ఇరవై ఏళ్ళకు, యాత్రికుల రక్షణ కొరకని అక్కడ ఒక క్రైస్తవ సైనిక సంఘం వెలసింది. జెరూసలేం రాజు వారికి మస్జిదె అఖ్సాలో నివాసమిచ్చాడు. ఆ కట్టడాన్ని హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ఆలయంగా క్రైస్తవులు భావించడం వల్ల వారికి 'టెంప్లర్లు' అనే పేరు వచ్చింది. బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత వారి ప్రమాణాలు.

పేదరికాన్ని వ్రతంగా స్వీకరించిన వారికి గుర్రాలు, కవచాలు, కోటలు ఎలా సమకూరాయి? వ్యక్తికి ఆస్తి ఉండరాదు గాని, సంఘానికి ఉండవచ్చును. యూరప్‌లోని రాజులు, ప్రభువులు పొలాలు, మరలు, గ్రామ చర్చీలు సైతం సంఘానికి దానమిచ్చారు. ఉదాహరణకు, ఇంగ్లండు రాణి మటిల్డా 1137లో క్రెస్సింగ్ గ్రామ భూములను ఇచ్చింది. ఆనాడు రైతు తన పంటలో పదోవంతు ఊరి చర్చికి చెల్లించాలి. పరిమాణంలో ఇది మన ఉష్ర్‌ను పోలినదే. చర్చి స్థానంలోని మతాచార్యునికి, ఆలయ పోషణకు, పేదలకు అది ఉద్దేశింపబడినది. కాని చర్చి సంఘం వశమైనప్పుడు స్థానిక పూజారికి కొద్దిపాటి జీవితం మాత్రం ఏర్పరచి, మిగిలిన రాబడిని సంఘమే తీసుకొనేది. అందులో కొంతభాగం పాలస్తీనాకు చేరేది. ముస్లిమును ఎన్నడూ చూడని రైతు ధాన్యం ఈ విధంగా యుద్ధానికి వినియోగమైంది.

1139లో పోపు ఈ సంఘానికి ప్రత్యేక హక్కులిచ్చాడు. స్థానిక బిషప్పుల అధికారం సడలింది. 1179 నాటి లేటరన్ మహాసభలో ఈ సంఘాల మీద బిషప్పులు ఫిర్యాదు చేశారు.

1187లో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ హిత్తీన్‌లో విజయం సాధించి, బైతుల్ మఖ్దిస్‌ను తిరిగి పొందాడు. మస్జిదె అఖ్సాను శుభ్రపరిపించి, నూరుద్దీన్ జంగీ చేయించిన మింబర్‌ను అక్కడ ప్రతిష్ఠించాడు. 1291లో అక్కా కూడా శిలువ యోధుల చేజారింది. ఆశయం పోయింది, ఆస్తి మిగిలింది. ఆ ఆస్తియే శత్రువులను తెచ్చింది. 1307లో ఫ్రాన్స్ రాజు నాలుగవ ఫిలిప్ టెంప్లర్లను నిర్బంధించి, చిత్రహింసలతో నేరాంగీకారాలు రాబట్టాడు. 1312లో పోపు సంఘాన్ని రద్దుచేసి, ఆస్తులలో అధికభాగాన్ని హాస్పిటలర్ల సంఘానికి అప్పగించాడు.

దాత సంకల్పం ఒకటి, వినియోగం మరొకటి అయినప్పుడు ధర్మాస్తి అమానత్‌గా నిలువదు. వాఖిఫ్ విధించిన షరతును పాటించి తీరాలని మన ఫుఖహాలు ఎందుకు పట్టుబట్టారో ఈ చరిత్ర తెలుపుతున్నది. వఖ్ఫ్ బాధ్యతను చేపట్టిన ప్రతి ముతవల్లీ దీనిని గుర్తుంచుకోవడం అవసరం.