బొమ్మ ఓడ కడుతున్నారా? కర్రపొడి జాగ్రత్త!

ఉద్యోగ విరమణ చేసిన ఒకాయన ఆమధ్య నా దగ్గరకు వచ్చారు. మూడు నెలలుగా పొడి దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. ఎక్స్‌రే బాగానే ఉంది, క్షయ లేదు. మందులు వాడితే తగ్గడం, మానితే మళ్లీ మొదలు!

"పొద్దుపోవడానికి ఏం చేస్తుంటారు?" అని అడిగాను.

"కర్రతో తెరచాప ఓడ నమూనా చేస్తున్నానండీ!" అన్నారు ఉత్సాహంగా. తలుపులు మూసిన గదిలో రోజూ నాలుగు గంటలు సన్నని చెక్కముక్కలను ఉప్పుకాగితంతో రుద్దుతున్నారట. రోగం గుట్టు అక్కడుంది.

ఓడ మానెయ్యమని నేను చెప్పలేదు. చేతికి పని, మనసుకు నిలకడ ఇచ్చే వ్యాపకం మంచిదే. కాని సన్నని కర్రపొడి కొందరికి ఉబ్బసం తెస్తుంది. ఏళ్ల తరబడి దాన్ని పీల్చే వడ్రంగం కార్మికులలో ముక్కు కేన్సరు కూడా కనబడింది. 1995లో అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ కర్రపొడిని కేన్సరు కారకాలలో చేర్చింది. సరదాగా చేసుకునే మీకు అంత భయం అక్కర్లేదు, జాగ్రత్త చాలు.

రుద్దే పని వరండాలో పెట్టుకోండి. జేబురుమాలు చాలదు, ఎన్-95 మాస్కు కట్టుకోండి. పొడిని ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. క్షణంలో పట్టే జిగురుతో వేళ్లు అతుక్కుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి. నూలుగుడ్డతో తుడిస్తే జిగురు వేడెక్కి చర్మం కాలవచ్చు. కంట్లో పడితే నీళ్లతో కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మా రోగి వరండాలోకి మారారు. దగ్గు తగ్గింది, ఓడా పూర్తయింది.

రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష తప్పక చేయించుకోండి. డాక్టరుకు మీ వ్యాపకం సంగతీ చెప్పండి.